పొరలు పుట్టేది ఎండతోనే అయితే, రేడియో రాత్రిపూట ఎందుకు బాగా పలుకుతోంది?

మర్ఫీ_రేడియో (కర్నూలు) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పాత మర్ఫీ సెట్టు అటక మీంచి దింపి బాగు చేయించాను. పగలు మీడియం వేవ్‌లో ఆకాశవాణి స్టేషన్లు ఒకటో రెండో తప్ప అంతా బరబరే. రాత్రి ఎనిమిది దాటాక ముల్లు వెంట్రుకవాసి కదిపితే చాలు, ఒకచోట తమిళం, ఇంకోచోట సింహళం, ఆ పక్కనే అరబ్బీ పాటలు.

మావాడు తొమ్మిదో తరగతి. వాడి పుస్తకంలో ఐనో ఆవరణం బొమ్మ ఉంది. భూమి పైన నాలుగు గీతలు, డి, ఇ, ఎఫ్1, ఎఫ్2. సూర్యకాంతి వల్ల గాలిలో విద్యుదావేశం ఉన్న పొరలు ఏర్పడతాయి, అవి రేడియో తరంగాల్ని తిప్పి కిందికి పంపుతాయి అని రాశారు. వాడు అడిగింది ఇది: "నాన్నా, ఎండ వల్ల పొర వస్తే, రాత్రి పొర పలచబడాలి. పొర పలచబడితే రేడియో తక్కువ రావాలి. ఇది ఉల్టా ఎందుకుంది?"

నాకు నోరు పెగల్లేదు. నేను బీకాం అండీ. కాస్త ఒడ్డున పడేయండి.

డల్లాస్_యాంటెన్నా | ఆదివారం, రాత్రి 10:15

మీవాడి ప్రశ్నలో తప్పేమీ లేదు, తప్పంతా ఆ బొమ్మలో ఉంది. నాలుగు గీతలూ ఒకే పని చేస్తాయన్నట్టు గీశారు. అన్నిటికంటే కింద ఉండే డి పొర, సుమారు 60 నుంచి 90 కిలోమీటర్లు, మీడియం వేవ్‌ని తిప్పి పంపదు, మింగేస్తుంది. తరంగం తగలగానే అక్కడి ఎలక్ట్రాన్లు ఊగుతాయి. ఊగే లోపే పక్కనున్న గాలి అణువుల్ని గుద్దుకుంటాయి. ఆ ఎత్తులో గాలి ఇంకా చిక్కగానే ఉంటుంది మరి. తరంగం బలమంతా వేడిగా మారి అక్కడే ఆరిపోతుంది.

పొద్దు గూకగానే డి మాయం. అడ్డం తొలగిపోయి, తరంగం పైకెళ్లి ఇ, ఎఫ్ పొరల్ని తాకి మీ మర్ఫీలోకి దిగుతుంది. పగలు మీకు వినపడేది నేల వెంట పాకి వచ్చిన స్టేషన్ మాత్రమే.

మర్ఫీ_రేడియో | ఆదివారం, రాత్రి 10:32

ధన్యవాదాలండీ. వాడికి చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించి ఇంకో రెండు బయటికి తీశాడు. ఒకటి, సూర్యుడు పోయి డి పోయినప్పుడు ఎఫ్ ఎందుకు పోలేదు? రెండు, ఎండ పైనుంచే కదా వచ్చేది, అన్నిటికంటే పైన ఎక్కువగా ఉండి కిందికొచ్చే కొద్దీ తగ్గాలి గానీ మధ్యలో పొరలేంటి? నేను పడుకుంటున్నాను, వాడు కూర్చునే ఉన్నాడు.

ఫిజిక్స్_మేడమ్ | సోమవారం, ఉదయం 6:10

రెండో ప్రశ్నకి నేను చెప్తాను, క్లాసులో ఏటా చెప్పేదే.

జాతరలో ఒకాయన సంచి నిండా లడ్డూలతో ఊరి పొలిమేర నుంచి గుడి వైపు నడుస్తున్నాడనుకోండి. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఒకటి ఇస్తాడు. పొలిమేర దగ్గర సంచి నిండుగా ఉంది, కానీ మనుషుల్లేరు. గుడి దగ్గర జనం ఇసకేస్తే రాలరు, కానీ అక్కడికొచ్చేసరికి సంచిలో పొడి కూడా మిగల్లేదు. అన్నిటికంటే ఎక్కువ లడ్డూలు పంచింది ఎక్కడ? దారి మధ్యలో ఒకచోట. ఆ చోటే పొర.

సూర్యుడి నుంచి వచ్చే తీవ్రమైన అతినీలలోహిత కాంతి ఆ సంచి. జనం గాలి. కాంతి ఒక అణువుని తాకి ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది (మిగిలినదే అయాన్), ఆ పనిలో తాను ఖర్చయిపోతుంది. 1931లో సిడ్నీ చాప్‌మన్ దీన్ని లెక్కల్లో పెట్టాడు. కాంతి మొదటి బలంలో సుమారు 37 శాతానికి పడిపోయేచోట అయాన్ల ఉత్పత్తి గరిష్ఠం అవుతుంది. ఎండ ఏటవాలుగా పడితే దారి పొడవు పెరిగి సంచి పైనే ఖాళీ అవుతుంది. అందుకే ఉదయం, సాయంత్రం పొర కాస్త పైకి జరిగి పలచబడుతుంది, మధ్యాహ్నం కిందికి దిగి చిక్కబడుతుంది. ఇ పొర ఈ సూత్రాన్ని దాదాపు తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

పొర అంటే మిద్దె కాదు. గీత గీసినట్టు మొదలై గీత గీసినట్టు ఆగదు.

కరీంనగర్_పోరడు | సోమవారం, ఉదయం 8:55

మేడమ్, లడ్డూ ముచ్చట మస్తుగుంది. గానీ గట్లయితే ఒక్కటే పొర రావాలె గదా. నాలుగెందుకు? నేను ఎమ్మెస్సీ ఫస్టియర్, మా సార్ అడిగితే "వేరే వేరే కాంతి వేరే వేరే ఎత్తుల ఆగుతది, ఎఫ్2 కాడ ఆగే కాంతి 300 కిలోమీటర్ల కాడనే ఆగుతది" అన్నడు. ఇంకో డౌటు, ఎ, బి, సి పొరలు ఏమైనయి?

ఫిజిక్స్_మేడమ్ | సోమవారం, ఉదయం 9:30

మీ సార్ చెప్పినదాంట్లో మొదటి సగం సరైనదే. సంచులు చాలా ఉన్నాయి, పుచ్చుకునేవాళ్లూ రకరకాలు. ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టాలంటే ఒక్కో వాయువుకి ఒక్కో గడప ఉంటుంది. ఆక్సిజన్ పరమాణువుకి 91 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం కావాలి, ఆక్సిజన్ అణువుకి 102.7 చాలు, నైట్రిక్ ఆక్సైడ్‌కి 134 వరకూ సరిపోతుంది.

20 నుంచి 91 దాకా ఉండే కాంతి 150, 180 కిలోమీటర్ల మధ్యలో ఎక్కువగా ఖర్చవుతుంది. అది ఎఫ్1. కాస్త లోతుకి దిగగలిగే మెత్తని ఎక్స్-కిరణాలు, 102.6 నానోమీటర్ల దగ్గరి హైడ్రోజన్ గీత (అంటే ఒకే తరంగదైర్ఘ్యపు కాంతి) వంటివి 110 కిలోమీటర్ల ప్రాంతంలో ఇ పొరని తయారుచేస్తాయి.

డి పొర కథ నాకు అన్నిటికంటే ఇష్టం. హైడ్రోజన్‌దే ఇంకో గీత ఉంది, 121.6 నానోమీటర్లు, లైమన్ ఆల్ఫా. సూర్యుడి నుంచి బాగా బలంగా వస్తుంది. దాన్ని గాలిలోని ఆక్సిజన్ అడ్డుకోవాలి. కానీ సరిగ్గా ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ఆక్సిజన్ పెద్దగా పీల్చుకోదు, అక్కడో సందు. ఆ సందులోంచి జారి 75 కిలోమీటర్ల దాకా వచ్చేస్తుంది. వచ్చింది సరే, నైట్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ అయాన్లుగా మార్చే సత్తా దానికి లేదు. అక్కడ లేశమాత్రంగా ఉండే నైట్రిక్ ఆక్సైడ్ దొరుకుతుంది. మీరు పగలు దూరపు స్టేషన్ వినలేకపోవడానికి కారణం ఆ లేశమాత్రపు వాయువూ, ఆ సన్నని సందూ.

ఎ, బి, సి సంగతి: ఎడ్వర్డ్ యాపిల్టన్ తన కాగితాల మీద పైనుంచి తిరిగొచ్చిన తరంగం విద్యుత్ క్షేత్రానికి 'ఇ' అని రాసుకునేవాడు, పొరకీ అదే పేరు పడింది. ఆ పైన ఇంకోటి దొరికితే ఎఫ్ అన్నాడు, కిందిదానికి డి. ఇంకా కింద ఏవైనా దొరుకుతాయేమోనని ముందు అక్షరాలు అట్టే పెట్టాడు.

300 కిలోమీటర్ల మాట మాత్రం నేను ఒప్పుకోను. పెద్దాయన చూస్తుంటే వివరంగా చెప్పగలరు.

వాల్తేరు_పెద్దాయన | సోమవారం, మధ్యాహ్నం 3:20

చూస్తూనే ఉన్నానమ్మా, భోజనం చేసి వచ్చాను.

కరీంనగర్ బాబూ, ఎఫ్2 దగ్గర కాంతి ఆగదు. 300 కిలోమీటర్ల దగ్గర గాలి ఎంత పలచనంటే, వచ్చిన కాంతిలో చాలా భాగం అక్కడ ఎవర్నీ తాకకుండానే కిందికి పోతుంది. పుట్టేవి ఎక్కువగా 150, 180 మధ్యలోనే. అయినా ఎలక్ట్రాన్లు అత్యధికంగా లెక్క తేలేది 300 దగ్గర. ఇది చాప్‌మన్ లెక్కకి లొంగని పొర. జననాలు చూస్తే అర్థం కాదు, మరణాలు చూడాలి.

అయాన్ చావడమంటే ఎలక్ట్రాన్‌తో మళ్లీ కలవడం. రెండు పరమాణువుల అయాన్ అయితే, ఉదాహరణకి నైట్రిక్ ఆక్సైడ్ అయాన్, ఎలక్ట్రాన్ కలవగానే రెండు ముక్కలై విడిపోతుంది. కలయికలో వచ్చిన శక్తిని ముక్కలు చెరి కాస్త పట్టుకుపోతాయి. క్షణాల్లో పని పూర్తి. ఒంటరి ఆక్సిజన్ పరమాణువు అయాన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఎలక్ట్రాన్ దగ్గరికొస్తే మిగులు శక్తిని దించుకోడానికి చోటుండదు, ఒక కాంతికణాన్ని వదిలితే తప్ప కలవలేదు. అది జరగడం చాలా అరుదు. మొదటి రకం కలయికతో పోలిస్తే సుమారు లక్ష వంతుల నిదానం.

అందుకని ఒంటరి అయాన్ చావాలంటే దొడ్డిదారి వెతుక్కోవాలి. ముందు ఒక నైట్రోజన్ అణువో ఆక్సిజన్ అణువో దొరకాలి, దానికి ఆవేశాన్ని అప్పగించాలి, ఆ కొత్త అణు అయాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి ముక్కలవ్వాలి. ఇప్పుడు అసలు కిటుకు. నైట్రోజన్ అణువు బరువు 28, ఆక్సిజన్ పరమాణువు బరువు 16. పైకి వెళ్లేకొద్దీ బరువైనది తొందరగా తగ్గిపోతుంది. అంటే పైకి పోతుంటే పుట్టుక తగ్గుతుంది నిజమే, చంపేవాళ్లు అంతకంటే వేగంగా తగ్గుతారు. పుట్టేది కొద్దిమందే అయినా ఎవరూ చావని ఊళ్లో జనాభా పెరుగుతుంది కదా, అలాగన్నమాట. ఇంకా పైకి వెళ్తే అయాన్లు తమ బరువుకి తాము కిందికి జారిపోవడం మొదలవుతుంది. ఈ రెండూ సరితూగే ఎత్తు 300 అటూ ఇటూ.

కర్నూలు బాబు మొదటి ప్రశ్నకీ ఇదే జవాబు. ఇ పొరలో అయాన్ ఆయుష్షు పగలు ఒక నిమిషం అటూ ఇటూ. ఎఫ్2లో గంటలు. సూర్యుడు పోయినా నిలవ సరుకుతో రాత్రి గడుస్తుంది. తెల్లవారుజామున చూస్తే బాగా తగ్గి ఉంటుంది, ఖాళీ మాత్రం అవదు.

మా రోజుల్లో ఇదంతా కళ్లతో చూసేవాళ్లం. వాల్తేరులో నేను రీసెర్చి చేసేటప్పుడు అయనోసోండ్ అనే యంత్రం నిట్టనిలువుగా పైకి తరంగం పంపేది, 1 మెగాహెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి 20 దాకా మారుస్తూ. తిరిగొచ్చిన ప్రతిధ్వని ఫిల్ము మీద పడేది. చీకటి గదిలో కడిగి, తడి ఆరకముందే వెలుతురుకి పట్టి చూసేవాళ్లం. గీత కాసేపు అడ్డంగా నడిచి, ఒకచోట తోక లేపిన తేలులా నిటారుగా పైకి లేచేది. ఆ లేచినచోట ఉన్న ఫ్రీక్వెన్సీయే పొర బలం. 9 మెగాహెర్ట్జ్ దగ్గర లేచిందంటే ఘన సెంటీమీటరుకి 10 లక్షల ఎలక్ట్రాన్లు. అంతకు మించిన తరంగం పొరని దాటేసి ఆకాశంలోకి పోతుంది, తిరిగి రాదు. 10 లక్షలంటే చాలా అనిపిస్తుంది కానీ, ఆ ఎత్తులో మామూలు గాలి కణాలు అంతకు సుమారు వెయ్యి రెట్లు ఉంటాయి. వెయ్యికి ఒకటి చాలు, ప్రపంచం అవతలి గొంతు మీ ఇంట్లో వినపడడానికి.

కరీంనగర్_పోరడు | సోమవారం, మధ్యాహ్నం 3:41

తాతా, దండం. మా సార్‌కు ఈ లింకు పంపిస్తున్న. పరీక్షల మార్కులు పోతే మీరే జిమ్మేదారు.

సందేహాల_సుబ్బయ్య | సోమవారం, సాయంత్రం 5:05

ఇవన్నీ చెప్తున్నారు గానీ అసలు సంగతి దాస్తున్నారు. అమెరికావాళ్లు అలాస్కాలో హార్ప్ అని పెట్టి ఈ పొరని వేడి చేసి మన బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టిస్తున్నారట. దానికి సమాధానం చెప్పండి.

డల్లాస్_యాంటెన్నా | సోమవారం, సాయంత్రం 6:30

సుబ్బయ్య గారూ, హార్ప్ ఉన్నమాట నిజం. గకోనా ఊళ్లో 180 యాంటెన్నాలు, 3.6 మెగావాట్ల ట్రాన్స్‌మిటర్. అది పైకి పంపే షార్ట్‌వేవ్ ఐనో ఆవరణంలో చిన్న ముక్కని కాసేపు వేడి చేస్తుంది, ఆపేస్తే మళ్లీ మామూలే. తుఫాను ఉండేది కింది 15 కిలోమీటర్లలో, దాని బలం సముద్రపు వేడి నుంచి వస్తుంది. ఆ తరంగాలు మేఘాల్ని పట్టించుకోకుండా దాటిపోతాయి. గోదారికి వరదొచ్చిందని పైనున్న చందమామకి నోటీసు ఇచ్చినట్టుంది మీ వాదన.

సరే, నిమిషం ఆయుష్షు గురించి పెద్దాయన రాసినది చదివి నా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా ఊరి మీదుగా పోయింది. మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి పట్టపగలు చీకటి, దాదాపు నాలుగు నిమిషాలు. మా ఆవిడా పిల్లలూ కళ్లద్దాలు పెట్టుకుని పెరట్లో ఉంటే నేను గరాజ్‌లో రేడియో ముందు కూర్చున్నాను (దాని గురించి ఇంట్లో ఇప్పటికీ వింటూనే ఉన్నాను). మీడియం వేవ్‌లో పగలు ఎప్పుడూ బరబరే తప్ప వినపడని ఒక చోట ముల్లు పెట్టి ఉంచాను. చీకటి కమ్ముకుంటుండగా ఆ బరబర అడుగున ఓ మనిషి గొంతు తేలింది. ముందు గుసగుసలా, తర్వాత మాటలు అర్థమయ్యేలా. వెలుతురు వచ్చాక కాసేపటికే మునిగిపోయింది. డి పొర ఆరిపోయి మళ్లీ వెలగడం అలా చెవులతో విన్నాను.

ఉల్టా అనుభవం కూడా ఉంది. అదే ఏడాది మే 14, మాకు మధ్యాహ్నం 12 కావస్తోంది. షార్ట్‌వేవ్‌లో మాట్లాడుతున్నవాళ్లందరూ ఒకేసారి మూగబోయారు. యాంటెన్నా వైరు ఊడిందనుకుని పైకెక్కబోయాను. చూస్తే సూర్యుడి మీద ఎక్స్8.7 తరగతి జ్వాల, అన్నిటికంటే తీవ్రమైన రకం. దాని ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి డి పొరని గట్టిపరిచేశాయి.

వాల్తేరు_పెద్దాయన | సోమవారం, రాత్రి 7:45

ఆ జ్వాల మనకి రాత్రి 10:20 దాటాక. మన వైపు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఎక్స్-కిరణాలు ఎండ ఉన్న సగానికే తగులుతాయి కదా.

1980 ఫిబ్రవరి 16 గ్రహణం కర్ణాటక, తెలంగాణ, ఒడిశాల మీదుగా వెళ్లినప్పుడు ఊళ్లలో తలుపులేసుకుని కూర్చున్నారు. ఐనో ఆవరణం వాళ్లకి మాత్రం అది పండగ. సూర్యుణ్ణి స్విచ్చి వేసి ఆర్పినట్టు ఆర్పే వీలు ఇంకెప్పుడు దొరుకుతుంది?

ఫిజిక్స్_మేడమ్ | సోమవారం, రాత్రి 8:20

పెద్దాయన గారూ, ఫౌంటెన్ గురించి చెప్పకుండా వదిలేశారు. అది మన దేశం మీదే కదా.

వాల్తేరు_పెద్దాయన | సోమవారం, రాత్రి 9:00

చెప్తానమ్మా. చాప్‌మన్ లెక్క ప్రకారం సూర్యుడు నడినెత్తిన ఉండేచోట ఎలక్ట్రాన్లు ఎక్కువుండాలి. మధ్యాహ్నం కొలిస్తే భూ అయస్కాంత మధ్యరేఖ మీద తక్కువ, దానికి ఉత్తరంగా దక్షిణంగా 15 డిగ్రీల దగ్గర ఎక్కువ. ఆ మధ్యరేఖ మన దేశం దక్షిణపు కొసన పోతుంది. 1963 నవంబర్ 21న మొదటి రాకెట్‌ని తుంబా నుంచి వదిలింది ఆ రేఖ కోసమే. అక్కడ పగలు తూర్పు ముఖంగా విద్యుత్ క్షేత్రం ఉంటుంది, అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా ఉత్తరానికి పోతుంటాయి. ఈ రెండూ కలిసి ఎలక్ట్రాన్లనీ అయాన్లనీ ఫౌంటెన్ నీళ్లలా నిలువునా పైకెత్తుతాయి. పైకెళ్లినవి అయస్కాంత రేఖల వెంట రెండు పక్కలకీ జారి, ఉత్తరాన అహ్మదాబాద్, భోపాల్ ప్రాంతాల మీద కుప్ప పడతాయి. మన తెలుగు రాష్ట్రాలు మధ్యరేఖకీ ఆ కుప్పకీ నడుమ ఉన్నాయి. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ పెట్టినాక ఈ పొరల్లోని గందరగోళాన్ని రాత్రంతా చూసే వీలు కలిగింది.

పొర ఒక్క ఎండతోనే తయారవదు. పుట్టుక, చావు, వలస, ఈ మూడూ చూడాలి.

కరీంనగర్_పోరడు | సోమవారం, రాత్రి 9:48

ఆఖరి డౌటు. వేరే గ్రహాల మీద కూడా గిట్లనే నాలుగు పొరలుంటయా? అంగారకుడి మీద గాలి అంతా కార్బన్ డయాక్సైడే గదా.

ఫిజిక్స్_మేడమ్ | సోమవారం, రాత్రి 10:25

ఉంటాయి, నాలుగు కాదు. 1965 జులైలో మారినర్ 4 అనే అంతరిక్ష నౌక అంగారకుడి వెనక్కి వెళ్తూ పంపిన రేడియో సంకేతం అక్కడి గాలిలోంచి వంగి వచ్చింది. ఆ వంపుని బట్టి అక్కడా విద్యుదావేశ పొర ఉందని తెలిసింది. ముఖ్యమైన పొర 135 కిలోమీటర్ల దగ్గర, ఘన సెంటీమీటరుకి ఒకటి రెండు లక్షల ఎలక్ట్రాన్లు. దాని కింద 110 దగ్గర ఎక్స్-కిరణాల వల్ల వచ్చే చిన్న పొర.

తమాషా ఏమిటంటే, కాంతి తాకేది కార్బన్ డయాక్సైడ్‌ని, కానీ 1976లో వైకింగ్ నౌక అక్కడ దిగుతూ కొలిచినప్పుడు ఎక్కువగా కనపడింది ఆక్సిజన్ అణువు అయాన్. కార్బన్ డయాక్సైడ్ అయాన్‌కి ఒంటరి ఆక్సిజన్ తగలగానే, అందులోని ఒక ఆక్సిజన్‌తో జతకట్టి ఆవేశాన్ని పట్టుకుపోతుంది. అణువు అయాన్ కాబట్టి తొందరగా చస్తుంది. అందుకే అంగారకుడి ముఖ్య పొర మన ఎఫ్1కి చుట్టం. మన ఎఫ్2లాంటి దీర్ఘాయుష్కురాలు అక్కడ లేదు. రేపు అక్కడ మనుషులు ఊరు కడితే రాత్రిపూట దూరపు రేడియోకి మన ఆకాశమంత సాయం దొరకదు.

శుక్రుడైతే ఇంకా వింత. అక్కడ రాత్రి 58 రోజులు. మామూలు లెక్కన ఆ చీకట్లో పొర పూర్తిగా ఆరిపోవాలి. కానీ పగటి వైపు నుంచి అయాన్లు రాత్రి వైపుకి ప్రవహిస్తూ పలచటి పొరని నిలబెడతాయి. పెద్దాయన చెప్పిన వలసే.

మర్ఫీ_రేడియో | మంగళవారం, రాత్రి 9:15

అందరికీ చాలా థాంక్సండీ. ఇవాళ సాయంత్రం నేనూ మావాడూ డాబా మీద చాప వేసుకుని రేడియో పెట్టుకున్నాం. ముల్లు ఒక్కచోటే ఉంచాం, కదపలేదు. వాడి నోటుబుక్కులోంచి:

5:50, బరబర.
6:25, బరబరలో ఏదో ఉంది, నాన్నకి వినపడలేదు.
6:40, ఆడగొంతు, తమిళం అనుకుంటా.
7:05, స్పష్టం. ధర చెప్తోంది, చీరలో బంగారమో.
7:30 నుంచి గొంతు ఊయల ఊగినట్టు పెరుగుతోంది, తగ్గుతోంది.

ఆ ఊగడం ఎందుకని వాడి ప్రశ్న.

వాల్తేరు_పెద్దాయన | మంగళవారం, రాత్రి 9:22

ఒకే పాట రెండు దారుల్లో వస్తోంది బాబూ. ఒకటి నేల వెంట, ఒకటి పొర నుంచి. లేదా రెండూ పొర నుంచే, వేరే వేరే ఎత్తుల నుంచి. రెండు అలలూ ఒక తీరున కలిస్తే గొంతు పెరుగుతుంది, ఎదురుపడితే తగ్గుతుంది. పొర నిలకడగా ఉండదు కాబట్టి ఈ కలయిక మారుతూ ఉంటుంది. ఒకసారి పెరిగి తగ్గి మళ్లీ పెరగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో గడియారం పెట్టి రాసుకోమను. తెల్లారుజామున ఐదింటికి లేవగలిగితే అప్పుడూ రాయమను, తేడా ఉంటుంది.

మర్ఫీ_రేడియో | మంగళవారం, రాత్రి 9:30

అలారం పెట్టేశాడు. స్కూలుకి లేపాలంటే మాత్రం ఏడున్నరకి నీళ్లు చల్లాలి.